నడుం ఆపరేషన్ తర్వాత రోగిని మళ్లీ నడిపించడం ఎలా? ఇంటివాళ్లకీ, ఫిజియోలకీ, ఆశా కార్యకర్తలకీ ఒక సమగ్ర మార్గదర్శి

నడుం ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషి వ్యాయామాలు చేయకుండా మంచం మీదే ఉండిపోతే ఇంట్లోవాళ్లు ముందుగా అనే మాట ‘బద్ధకం’. మా ఫిజియోథెరపీ వాళ్లం కాగితం మీద ‘సహకరించడం లేదు’ అని రాసేస్తాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోగులతో పనిచేస్తున్న నాకు వీళ్లలో బద్ధకస్తులు కనిపించడం చాలా అరుదు. ఊడుపులకి రోజంతా వంగినవాళ్లు, కొబ్బరి చెట్లెక్కినవాళ్లు, పలాసలో పొద్దస్తమానం కూర్చుని జీడిపప్పు ఒలిచినవాళ్లు, తీరంలో వల లాగినవాళ్లు. కష్టపడడం వాళ్లకి కొత్త కాదు. వాళ్లని ఆపుతున్నది భయం. లేదంటే, ఈ కాళ్లు ఆడించడం వల్ల తనకి ఒరిగేదేమిటో ఎవరూ అర్థమయ్యేలా చెప్పకపోవడం. ఈ రెండూ తీర్చకుండా ఎంత బతిమాలినా, ఎంత కోప్పడినా ఫలితం ఉండదు.

కాబట్టి వ్యాయామాల పట్టిక చేతిలో పెట్టేముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటినే వరసగా చెబుతాను.

1. డిశ్చార్జి రోజునే సర్జన్ నోట అనుమతి చెప్పించండి

నడుం ఆపరేషన్లన్నీ ఒకటి కావు. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులో, నరాన్ని నొక్కుతున్న ముక్క తీసేయడం ఒకటి. ఇది ఎక్కువగా నడుం అడుగున ఉండే ఎల్‌4-ఎల్‌5, ఎల్‌5-ఎస్‌1 పూసల దగ్గర జరుగుతుంది. నరాలకి చోటివ్వడానికి వెనక ఎముక కొంత తొలగించే లామినెక్టమీ ఇంకొకటి. స్క్రూలు, రాడ్లు వేసి ఎముకలని అతికించే ఫ్యూజన్ మూడోది. డిస్కు తీసినవాళ్లకి ఆరు వారాలకి ఒప్పుకునే పని, ఫ్యూజన్ అయినవాళ్లకి మూడు నెలలదాకా ఒప్పుకోకపోవచ్చు. పక్కింటాయన చేస్తున్నాడు కదా అని చూసి చేయించకూడదు.

డిశ్చార్జి కాగితం మీద సాధారణంగా ‘విశ్రాంతి’ అని ఉంటుంది. ఇంటికెళ్లాక ఆ ఒక్క మాట ‘కదలకూడదు’గా మారిపోతుంది. అందుకే బయల్దేరేముందు రోగి ఎదురుగానే సర్జన్‌ని అడగండి: ఎంత నడవొచ్చు? ఎంతసేపు కూర్చోవచ్చు? ఎంత బరువు ఎత్తొచ్చు? మెట్లు ఎప్పుడెక్కాలి? బెల్టు ఎన్నాళ్లు? జవాబులు తెలుగులో రాసి పెట్టుకోండి. వీలైతే, ‘రేపటి నుంచి నడవాలి, నడిస్తే ఏమీ కాదు’ అని డాక్టరుగారు చెబుతుండగా ఆయన ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. మా ఊళ్లలో ‘డాక్టరు బాబు సెప్పినారు’ అన్న మాటకున్న బలం మరి దేనికీ లేదు. పది రోజుల తర్వాత పెద్దమ్మ వచ్చి ‘కదలకు నాయనా’ అన్నప్పుడు ఆ రికార్డింగే పనికొస్తుంది.

2. భయం ఏమిటో ముందు వినండి

‘ఎందుకు చేయడం లేదు?’ అని అడిగితే నొప్పి అంటారు. ‘కదిలితే ఏమవుతుందని అనిపిస్తోంది?’ అని అడిగి చూడండి. అసలు సంగతి బయటికొస్తుంది. స్క్రూ ఊడిపోతాదేమో. కుట్లు తెగిపోతాయేమో. ఫలానా ఊళ్లో ఒకాయనకి ఆపరేషన్ అయ్యాక కాళ్లు పడిపోయాయట. నొప్పి వచ్చిందంటే లోపల ఏదో తెగిందనే కదా.

ఈ భయానికి ఒక పద్ధతి ఉంది. నొప్పి అంటే ప్రమాదం అనుకున్న మనిషి కదలడం మానేస్తాడు. కదలకపోతే కండరాలు వారాల్లోనే సన్నబడి, కీళ్లు బిగుస్తాయి. అప్పుడు చిన్న కదలికకే నొప్పి పుడుతుంది, ఆ నొప్పి చూసి భయం రెట్టింపవుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా మనిషి కోలుకోకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

దీనికి ఉపన్యాసం పనికిరాదు. ఒక్కో భయానికి సూటిగా ఒక్కో జవాబు చెప్పండి. స్క్రూలు ఎముకలోకి బిగించినవి, నడకకి ఊడిపోవడానికి వేసినవి కావు. కుట్లు చర్మానికి వేసినవి. సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తీసేస్తారు. డిస్కులో నరాన్ని నొక్కుతున్న ముక్కనే తీశారు, మిగతా డిస్కు ఉన్నచోటే ఉంది. గాయం మానేటప్పుడు నడుం దగ్గర నొప్పి ఉండడం మామూలే.

ఒకటి మాత్రం ముందే చెప్పి తీరాలి. ఆపరేషన్ తర్వాత కాల్లోకి లాగే నొప్పి చాలామందికి త్వరగా తగ్గుతుంది. తిమ్మిరి అలా కాదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నలిగిన నరం అంత నెమ్మదిగానే కోలుకుంటుంది. కాలి బలం రావడానికీ అంతే సమయం పట్టొచ్చు. ఈ ముక్క ముందుగా చెప్పకపోతే మూడో వారంలో బొటనవేలు ఇంకా మొద్దుబారి ఉండడం చూసి ‘ఆపరేషన్ ఫెయిలయింది’ అని మనసులో తీర్మానం చేసేసుకుంటారు. ఆ తర్వాత ఏ వ్యాయామమూ చేయరు.

మన నోటి మాటలు కూడా చూసుకోవాలి. ‘డిస్కు పగిలిపోయింది’, ‘నరం నలిగి పీచయిపోయింది’, ‘కాస్త అటూ ఇటూ అయితే మళ్లీ జారిపోద్ది’ అని ప్రేమగా చెప్పినా, వినే మనిషి వెన్ను గాజుదనుకుంటాడు.

చదువుకున్న రోగి ‘రుజువేమిటి?’ అని అడుగుతాడు, అడగాలి కూడా. డిస్కు ఆపరేషన్ తర్వాత మళ్లీ కోలుకునేలా చేసే వ్యాయామాలపై, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2014లో వెలువడింది. ఆపరేషన్ అయిన 4 నుంచి 6 వారాలకి వ్యాయామాలు మొదలుపెట్టినవాళ్లకి, ఏ చికిత్సా తీసుకోనివాళ్లకంటే నొప్పీ ఇబ్బందీ త్వరగా తగ్గాయని అందులో ఉంది. వ్యాయామాల వల్ల రెండో ఆపరేషన్లు పెరిగినట్టు కూడా కనిపించలేదు.

3. కారణం రోగి నోటి నుంచే రావాలి

‘మీ ఆరోగ్యం కోసమే కదా’ అన్నది మన కారణం. ఆయన కారణం వేరే ఉంటుంది. ఒకామెకి మనవడిని ఎత్తుకోవాలని ఉంటుంది. ఒకాయనకి అప్పు తీరేలోగా మళ్లీ హైదరాబాద్ పనికి వెళ్లాలని. ఇంకొకరికి రథసప్తమినాడు అరసవల్లిలో లైన్లో నిలబడి దర్శనం చేసుకోవాలని. విజయనగరం వాళ్లయితే దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడాలని. ఇవి చిన్న కోరికలు కావు. ‘సిరిమాను రోజు ఎంతసేపు నిలబడాలి? ఎంత దూరం నడవాలి? ఇప్పుడు ఎంతసేపు నిలబడగలుగుతున్నారు?’ అని లెక్క వేస్తే, వ్యాయామం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మాట్లాడే తీరు కూడా ముఖ్యమే. మద్యం అలవాటున్నవాళ్లతో మాట్లాడడానికి విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1983లో ఒక పద్ధతి రాశారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచారు. అందులో ఒక ప్రశ్న ఉంది: ‘సున్నా నుంచి పదిలో మీ నమ్మకం ఎంత?’ మా దగ్గర పెద్దవాళ్లకి పది లెక్కకంటే అణాల లెక్క బాగా నప్పుతుంది. ఫ్యూజన్ అయిన ఒక రైతుతో ఆ సంభాషణ ఇలా నడిచింది.

“మావయ్యా, రోజుకి మూడుసార్లు నడవగలనని రూపాయికి ఎన్నణాల నమ్మకం ఉంది మీకు?”

“ఆరణాలుంటాది బాబూ.”

“రెండణాలు అనకుండా ఆరణాలన్నారే. ఎందుకు?”

కాసేపు ఆలోచించాడు. “నిన్న బాత్రూమ్‌కి నానే ఎల్లాను కదేటి. ఎవల్నీ పట్టుకోనేదు.”

“ఆ ఆరణాలు పదణాలు కావాలంటే ఏం కావాలి?”

“మా ఆడది పక్కన నడిస్తే సాలు. పడిపోతే పట్టుకోడానికి.”

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఆవిడ, పొద్దున్న వంట మొదలెట్టకముందు ఒకసారి, దీపాల వేళ ఒకసారి తోడు వస్తానంది. అంతే, ప్రణాళిక తయారైపోయింది.

‘పదహారణాలు ఎందుకు లేదు?’ అని అడిగి ఉంటే ఆయన తనకున్న కష్టాలన్నీ ఏకరువు పెట్టేవాడు. ‘రెండెందుకు కాలేదు?’ అనేసరికి తను చేయగలిగినది తనే చెప్పాడు. మనం వంద చెప్పినా, మనిషి తన నోటితో చెప్పుకున్న ఒక్క మాటకే కట్టుబడతాడు.

4. పనిని చిన్నగా, కొలిచేలా ఇవ్వండి

‘రోజూ బాగా నడవండి’ అంటే అది సలహా కాదు. ‘పొద్దున్న కాఫీ తాగాక ఐదు నిమిషాలు, వీధి చివరి కరెంటు స్తంభం దాకా వెళ్లి రండి’ అంటే చేస్తారు. రోజూ ఎలాగూ చేసే ఏదో ఒక పనికి దాన్ని ముడిపెట్టాలి.

మొదటి రెండు వారాలు: చదునైన నేల మీద ఐదేసి నిమిషాల నడక, రోజుకి నాలుగైదు సార్లు. మేలుకుని ఉన్నప్పుడు గంటకోసారి పాదాలు పైకీ కిందకీ పదిసార్లు ఆడించడం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. దీర్ఘంగా ఊపిరి తీసి వదలడం. ఒకే దఫా 20, 30 నిమిషాలకి మించి కూర్చోకుండా లేచి రెండడుగులు వేయడం.

ఆరు వారాల వరకు: రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ, ఆరో వారానికి 20 నుంచి 30 నిమిషాల నడక రోజుకి రెండుసార్లు అయితే బాగా సాగుతున్నట్టే. పడుకుని మోకాళ్లు ముడిచి, పొట్ట కండరాన్ని మెల్లగా బిగించి వదలడం కూడా ఈ దశలోనే, ఫిజియో ఒకసారి చేయించి చూపాక. ముందుకి వంగడం, మెలి తిరగడం, బరువులెత్తడం వద్దు. 10 లీటర్లు పట్టే బిందె నిండితే నీళ్ల బరువే 10 కిలోలు. ఆడవాళ్లకి ఈ లెక్క చెప్పాలి. ‘బరువులు ఎత్తొద్దు’ అంటే బియ్యం బస్తా అనుకుంటారు, బిందెని బరువుగా లెక్కెయ్యరు.

ఆ తర్వాత: సర్జన్ ఒప్పుకున్నాకే పిరుదులు పైకెత్తే బ్రిడ్జి, గోడకి ఆనుకుని సగం కూర్చుని లేవడం, మోకాళ్ల మీద వంగి ఎదురు చేయీ కాలూ చాచడం. ఫ్యూజన్ వాళ్లకి వీటిలో కొన్ని మూడు నెలల తర్వాతే. ఎముక పూర్తిగా అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

ఎంత చేయాలన్నది ఆ రోజు నొప్పిని బట్టి కాకుండా ముందే అనుకున్న నిమిషాలని బట్టి ఉండాలి. ఇది నా అనుభవంలో అన్నింటికంటే ఎక్కువ మందిని కాపాడిన నియమం. ఓపికగా ఉన్న రోజు ఇల్లంతా ఊడ్చి, సంతకెళ్లి వచ్చి, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం చాలామంది చేసే పని. బాగున్న రోజు కూడా అనుకున్నంతే. బాగులేని రోజు సగమైనా సరే, సున్నా మాత్రం కాకూడదు. చేశాక కొంచెం నొప్పి పెరిగి మర్నాడు పొద్దుటికి మామూలుకి వస్తే సరైన మోతాదే. మర్నాటికీ తగ్గకపోతే తర్వాతి రోజు తగ్గించండి, మానొద్దు.

లెక్క గోడమీద క్యాలెండర్లో పెట్టండి. నడిచిన ప్రతిసారీ ఆ తేదీ గడిలో రోగే ఒక గీత గీయాలి. మనవడి చేత గీయిస్తే ఇంకా మంచిది, వాడు ఒక్క రోజు కూడా మరిచిపోనివ్వడు. రెండు వారాల తర్వాత ఆ గీతలు చూపించి ‘మొదటివారం ఎంత, ఇప్పుడెంత?’ అని అడగండి. పొగడ్త కూడా అలాంటిదే కావాలి: ‘సూపర్’ అని వదిలేయకుండా, ‘నిన్న రామమందిరం దాకా ఆగకుండా వెళ్లావు’ అనండి.

మా తీరప్రాంతపు ఉక్కలో ఏడు దాటితే నడవలేరు, కాబట్టి పొద్దున్నే. వానాకాలంలో బురద వీధుల్లో జారడం కంటే ఇంటి వరండాలో అటూ ఇటూ తిరగడమే నయం.

5. ఇంటిని సర్దండి

నులక మంచం, నవారు మంచం మధ్యలో గుంట పడతాయి. అందులోంచి లేవడమే నరకమైతే మనిషి లేవడం మానేస్తాడు. చెక్క మంచం, గట్టి పరుపు కావాలి. లేచే తీరు ఒకసారి నేర్పి దగ్గరుండి చేయించండి: వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడవాలి. భుజాలూ తుంటీ ఒకేసారి తిరిగేలా పక్కకి దొర్లాలి. పాదాలు మంచం అంచు దాటించి కిందకి వదులుతూ, అదే సమయంలో కింది మోచేత్తోనూ పై అరచేత్తోనూ పరుపుని నొక్కుతూ లేవాలి. నడుం మెలి తిరగదు. దుప్పటి మీద అరచేయి ఎక్కడ ఆనించాలో రోగి చేయి పట్టుకుని చూపిస్తే ఒక్కసారికే వచ్చేస్తుంది.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ అడగరు, రోగి సిగ్గుతో చెప్పడు. కింద కూర్చునే దొడ్డి అయితే కమోడ్ కుర్చీ కొనండి లేదా అద్దెకి తెచ్చుకోండి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. ముక్కితే నడుం పట్టేస్తుంది. ఆ బాధకి భయపడి తిండి తగ్గిస్తారు. తిండి తగ్గితే ఓపిక లేక నడవరు. నీళ్లు, చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, పళ్లు, అవసరమైతే డాక్టరు రాసిన విరేచనం మందు. వ్యాయామం ఆగిపోయిన చాలా ఇళ్లలో ముడి ఇక్కడే ఉంటుంది.

‘పప్పు తింటే చీము పడుతుంది’ అని పథ్యం పెట్టి చారన్నంతో సరిపెట్టడం మనలో పాత అలవాటు. గాయం మానడానికీ కండ పట్టడానికీ పప్పు, గుడ్డు, చేపలు కావాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తినాలో తమ డాక్టరుని అడగాలి.

6. నొప్పి మందులు, బీడీలు: ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా

నొప్పి అదుపులో లేకపోతే ఎవరూ కదలరు. నడకకి ముందే పనిచేసేలా మందు వేసుకునే వేళ డాక్టరుతో మాట్లాడి కుదుర్చుకోండి. అయితే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో మనందరికీ తెలుసు. అక్కడివాళ్లు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవడం చాలా ప్రమాదం. ఈ మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి. సర్జన్‌కి ‘మాది ఉద్దానం’ అని చెప్పి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు చూపించి మందు రాయించుకోండి.

బీడీ, చుట్టల్లో ఉండే నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది. ఫ్యూజన్ అయినవాళ్లు మానడం చికిత్సలో భాగమే. మా తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలున్నారు. ఆడవాళ్లని పొగ గురించి అడగడం అలవాటు లేక డాక్టర్లు వదిలేస్తారు. గౌరవంగా, తప్పకుండా అడగండి.

7. ఇంటివాళ్ల ప్రేమకి దారి చూపండి

మంచినీళ్లు చేతికందించడం, చొక్కా తొడగడం, లేపి కూర్చోబెట్టడం: అంతా ప్రేమే. కానీ రోజంతా అలాగే జరిగితే మనిషి తనకేదీ చేతకాదని నమ్మేస్తాడు. వద్దని చెబితే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. అందుకే వాళ్లకి వేరే పని అప్పగించండి: ‘అమ్మా, మీరు ఎత్తొద్దు, పక్కన నడవండి. టైం మీరే చూడండి.’ కూరగాయలు బల్ల మీద పెట్టి నిలబడి తరగడం, దేవుడి దగ్గర దీపం వెలిగించడం లాంటి తేలిక పనులు రోగికే వదిలేయండి.

8. మనసు కుంగితే వ్యాయామం గురించి మాట్లాడకండి

రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ‘నా వల్ల మీకందరికీ భారం’ అనడం కనిపిస్తే అది మొండితనం కాదు, డిప్రెషన్ కావచ్చు. ఆ స్థితిలో పట్టిక పట్టుకుని వెంటపడితే ఇంకా కుంగిపోతారు. మనసు బాగోలేనివాళ్లకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416. ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

చాలాసార్లు కుంగుబాటు వెనక కూలీ ఆగిపోవడం, వడ్డీ పెరగడం ఉంటాయి. దాన్ని పక్కనపెట్టి ధైర్యం చెప్పలేం. ‘ఎప్పుడు పనికెళ్తాను?’ అన్న ప్రశ్నకి తేదీ చెప్పలేకపోయినా, దశలు చెప్పొచ్చు. రైతుకి ఈ ఏడు ఊడుపులు కుదరవు కానీ గట్టు మీద నిలబడి పని చూసుకోవచ్చు. జీడి పనికెళ్లే ఆమెకి కింద కూర్చోకుండా బల్ల, స్టూలు ఇవ్వడానికి యజమాని ఒప్పుకుంటాడేమో ముందే కనుక్కోవచ్చు. గంటకోసారి లేచి తిరిగే వీలుంటే ఇంకా ముందుగా వెళ్లొచ్చు.

9. ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి, వెంటనే ఆసుపత్రికి

మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా మలమూత్రాలు పోవడం. మర్మస్థానం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం. పాదం పైకి లేవకపోవడం, కాలి బలం కొత్తగా తగ్గడం. జ్వరం, గాయం ఎర్రబడి చీమూ నీరూ కారడం. ఒక పిక్క వాచి నొప్పెట్టడం. ఛాతీలో నొప్పి, ఆయాసం. వీటిలో దేనికీ ‘రేపు చూద్దాం’ అనకండి. మొదటి మూడింటికీ, ఛాతీ నొప్పికీ, ఆయాసానికీ 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ చోట మాలిష్‌లు, పసర్లు, ఎముక సర్దడాలు ఏ దశలోనూ చేయించొద్దు.

10. దూరం, మధ్యలో మానేయడం

కొత్తూరు, మెళియాపుట్టి వైపు నుంచి వారానికి మూడుసార్లు శ్రీకాకుళం రమ్మనడం జరిగే పని కాదు. బస్సులో అంతసేపు కూర్చోవడమే మొదటి నెలలో కష్టం. ఫిజియోలకి నా మనవి: రెండు వారాలకోసారి చూసి, మధ్యలో వారానికో వీడియో కాల్ చేయండి. మొదటిసారి వచ్చినప్పుడే రోగి వ్యాయామం చేస్తుండగా వాళ్ల ఫోన్లోనే వీడియో తీసి పంపండి. ఎవరో చేసిన యూట్యూబ్ వీడియో కన్నా తన ఒళ్లు తను చూసుకుంటూ చేసేది బాగా గుర్తుంటుంది. ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఛార్జీల కోసం రావడం మానే అవసరం వాళ్లకి తగ్గింది. ఊళ్లో ఆశా కార్యకర్త ఉంటే క్యాలెండర్ గీతలు ఆవిడ చూసి ఫోన్లో చెప్పినా చాలు.

జ్వరం, పెళ్లి, పండగ. ఏదో ఒకదానికి అందరూ మధ్యలో మానేస్తారు. అప్పుడు ‘అంతా వృథా అయింది’ అనకండి. ఆగిన చోటు నుంచి మొదలుపెట్టకుండా అందులో సగంతో మొదలెట్టండి: 20 నిమిషాలు నడిచేవాళ్లు 10తో, మూడు నాలుగు రోజులు. నొప్పి మర్నాటికి సర్దుకుంటుంటే మళ్లీ రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. రెండు వారాలకి మించి ఆగిపోతే మొదలెట్టేముందు ఫిజియోకి ఫోన్ చేసి, ఏ వ్యాయామం దగ్గర ఆగారో, ఇప్పుడు నొప్పి ఎక్కడుందో చెప్పండి. ఆ రెండు వివరాలు ఉంటే ఫోన్లోనే కొత్త పట్టిక ఇవ్వొచ్చు.